ఏడాదిలోపల వ్రాయవలసిన యుత్తరము



భారతమున ఆదిపర్వమందలి మాండవ్య మహాముని కథ మనలో జాలమంది యెఱిగినదే. ఆయన మౌనవ్రతమున దపస్సు చేయుచుండగా, రాజధనము నపహరించిన దొంగలు ఆశ్రమమున జొచ్చి దాగిరి. వెంట దఱుముకొని వచ్చిన రాజభటులు మునిని బ్రశ్నించిరి. వ్రతమందున్నవాడు గావున ఆయన పలుకలేదు. పలుకకుండుటయే నేరమునకు సాక్ష్యమని యెంచి, వారు దొంగలతో బాటు ఆయననుగూడ గొనిపోయి కొఱత వేసిరి. విచారణ లేదు, వాదము లేదు. పిదప రాజు నిజమెఱిగి పాదములపై బడెను. ముని యంతటితో నూరకుండలేదు. యమధర్మరాజు కొలువునకు బోయి, నేనేమి పాపము చేసితినని నాకీ దండనము గలిగినదని యడిగెను. పసితనమున దూనీగలను గ్రుచ్చిన పాపమని యముడు చెప్పెను. తెలియని వయస్సున జేసినదానికి ఇంతటి శిక్షయా యని ముని కోపించి, నీవు భూలోకమున బుట్టుమని శపించెను. ధర్మదేవతయంతటి వాడు విదురుడై పుట్టవలసి వచ్చెను.

మా నాయనగారు నాకీ ఘట్టమును జెప్పుచు, "చూచితివా అమ్మాయీ, యమునిగూడ ఏలనని యడుగవచ్చును" అని నవ్వెడివారు. నేనును నవ్వితిని. అప్పుడది కథ మాత్రమే.

ఇక మూడేండ్ల క్రిందటి మాట. మాకు బాలు పోయు ఆమె యొకనాటి యుదయమున బాలు కొలిచి పోసియు కదలక పెరటి గుమ్మముకడ నిలుచుండెను. "ఏమమ్మా, ఒంట్లో బాగులేదా?" యని యడిగితిని. "నాకేం కాలేదమ్మగారూ. మావోణ్ణి టేసనుకి తీసుకెళ్లి మూడు రాత్రులుంచేశారు. ఇప్పుడు కాలు కింద పెట్టలేకపోతన్నాడు" అని కొంగు నోటి కడ్డము పెట్టుకొనెను. ఆమె కుమారుడు ఆటో నడుపుకొను పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాడు. ఎవరి యింటనో బంగారు వస్తువులు కనబడకపోయినవట. ముందునాటి సాయంకాలము ఆ వీధిలో వీని బండి యాగియుండెనట. మూడు రాత్రులు గడచిన పిమ్మట వస్తువులు ఆ యింటివారి బీరువాలోనే దొరకినవట. అంతట వానిని బొమ్మనిరి. కేసు లేదు, కాగితము లేదు, న్యాయాధికారి యెదుట నిలుపుట లేదు. అరెస్టు చేసినవానిని, ప్రయాణకాలము గాక, ఇరువదినాలుగు గంటలలోపల న్యాయాధికారి యెదుట నిలుపవలెనని మన రాజ్యాంగమే చెప్పుచున్నను, మా పెరటిలో నామాట చెప్పువారు లేకపోయిరి.

నేనేమి చేసితిని? నలునికిని హరిశ్చంద్రునికిని కష్టములు తప్పలేదని చెప్పి, "ఓర్చుకొనుము, వారితో మనకేల" యని యోదార్చి, కాలికి బట్టు వేయుటకు సున్నమును బసుపును నిచ్చి పంపితిని. నా చదువు నాటి కంతవఱకే పనికివచ్చినది.

కాలు వంకరగా నతికినది. వాడు బండి నడుపలేకపోయెను. మఱుసటి యేడు ఒకనాటి రాత్రి భోజనముల వేళ మావారు మాటల సందర్భమున రాష్ట్ర మానవహక్కుల కమిషనని యొకటి యున్నదనియు, దానికి జాబు వ్రాసినచో విచారింతురనియు జెప్పిరి. నేను చేయి కడుగుకొని యా రాత్రియే యుత్తరము వ్రాసితిని. రిజిస్టరు చేసి పంపితిమి. కొన్నాళ్లకు సమాధానము వచ్చినది. జరిగిన దినమునుండి యొక సంవత్సరము దాటిన విషయమును విచారించుటకు జట్టము సమ్మతింపదు గావున మీ యర్జీని ముగించినామని. అప్పటికి పదునాలుగు నెలలైనవి. రెండు నెలలు! ఆ కాగితమును ఆమెకు జదివి వినిపించితిని. "పోనీలెండమ్మగారూ, మీరైనా రాశారు" అనెను. నన్ను తిట్టియుండినను అంత నొప్పి కలుగకపోవును.

ఆ పిదప మావారిచేత జట్టపు బ్రతిని దెప్పించుకొని, సాయంకాలము లందు కూరలు తఱుగుచు వారు చదివి చెప్పగా వింటిని. విన్నదానిలో మనకు గావలసినంత యిక్కడ వ్రాయుచున్నాను.

1993వ సంవత్సరమున బార్లమెంటు మానవహక్కుల పరిరక్షణ చట్టమును జేసినది. ఢిల్లీలో జాతీయ కమిషనును, రాష్ట్రములందు రాష్ట్ర కమిషనులును దానివలన నేర్పడినవి. మానవహక్కు లనగా జీవము, స్వేచ్ఛ, సమానత్వము, గౌరవము అను నాల్గింటికి సంబంధించి రాజ్యాంగమున హామీ యీయబడినట్టివియు, అంతర్జాతీయపు టొడంబడికలందు జేరి మన న్యాయస్థానములు అమలు జరుపదగినట్టివియు నగు హక్కులని చట్టమున నిర్వచించిరి. రాష్ట్ర కమిషనునకు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగానో న్యాయమూర్తిగానో యుండినవారు అధ్యక్షులు. మఱి యిద్దఱు సభ్యులు. ముఖ్యమంత్రియు, శాసనసభాపతియు, హోంమంత్రియు, ప్రతిపక్ష నాయకుడును గల సంఘము (శాసనమండలి యున్నచోట నా సభాధ్యక్షుడును, అచ్చటి ప్రతిపక్ష నాయకుడును గూడ) సూచింపగా గవర్నరు నియమించును. పదవీకాలము మూడేండ్లు. నియమించినది గవర్నరే యైనను తొలగించు నధికారము రాష్ట్రపతిది. తమకు గిట్టని తీర్పు చెప్పినంత మాత్రమున రాష్ట్రప్రభుత్వము వారిని దింపజాలదు. ఈ యేర్పాటు నాకు మిక్కిలి నచ్చినది.

కమిషను విచారించునది ఎవరి తప్పును? ఇది స్పష్టముగా దెలిసికొనవలెను. ప్రభుత్వోద్యోగి హక్కును భంగపఱచినచో, లేక భంగము జరుగుచుండగా దానిని నివారింపక యశ్రద్ధ చేసినచో, అది కమిషను పని. భర్త కొట్టిన దెబ్బ, అత్తగారి యారడి, ఇంటి యజమాని జులుము, వడ్డీ వ్యాపారి బెదిరింపు, వీనిని నేరుగా కమిషను విచారింపదు. కాని కొట్టబడిన స్త్రీ ఠాణాకు బోయి మొఱపెట్టుకొనగా, ఇది మీ యింటి గొడవ, పొమ్మని త్రిప్పి పంపినచో నా త్రిప్పి పంపుట కమిషను విచారింపదగినదే. ఆసుపత్రిలో బ్రసవవేదన పడుచున్న దానిని చేర్చుకొనక వసారాలో నుంచినను, ప్రభుత్వపు హాస్టలులో బిడ్డలకు బురుగులన్నము పెట్టినను అంతే. ప్రభుత్వ పాఠశాలలో బిల్లవానిని గొట్టు నుపాధ్యాయుడును ప్రభుత్వోద్యోగియే గదా యని నేననగా, మావారు చట్టము చదువుట నిలిపి కొంతసే పేమియు మాటాడలేదు. 2009 విద్యాహక్కు చట్టము బడిలో బిల్లలను గొట్టుటను నిషేధించినది. మా యింట మూలనున్న బెత్తము మఱునాటినుండి సాలెగూళ్లు దులుపుట కుపయోగపడుచున్నది.

మఱియొక విశేషము. బాధితుడే వ్రాయనక్కఱలేదు. అతని పక్షమున నెవరైనను వ్రాయవచ్చును. చెఱలోనున్నవానికి దల్లి వ్రాయవచ్చును. చదువురాని తల్లికి మనము వ్రాయవచ్చును. ఎవరును వ్రాయకపోయినను, పత్రికలో జదివి కమిషను తనంతట దానే విచారణ కుపక్రమింపవచ్చును. రుసుము లేదు, వకీలు అవసరము లేదు, తెలుగున వ్రాయుటకు సంకోచింప బనిలేదు.

అర్జీ చేరిన పిమ్మట కమిషను ప్రభుత్వమునో తత్సంబంధమైన యధికారినో నివేదిక యడుగును. అది చాలదని తోచినచో దానే విచారించును. అందుకొఱకు దానికి సివిలు న్యాయస్థానమునకు గల యధికారము లీయబడినవి. సాక్షులను రప్పించి ప్రమాణముమీద విచారింపవచ్చును, దస్త్రములను దెప్పింపవచ్చును, ఏ కచ్చేరీనుండియైనను ప్రభుత్వపు గాగితములను బిలువవచ్చును. ద్రౌపది సభలో బ్రశ్న వేసినపుడు పెద్దలు తలలు వంచుకొని కూర్చుండిరి. ఇక్కడ సమను అందుకొన్న యుద్యోగి కా సౌకర్యము లేదు. అట్లని అతనికి నన్యాయము జరుగరాదు. తనకు హాని కలుగవచ్చునని తోచిన వానికి దన పక్షము జెప్పుకొను నవకాశ మీయవలెనని చట్టములోనే యున్నది. కమిషను ఎదుట బలికిన మాట నాధారము చేసికొని, అబద్ధపు సాక్ష్యమైననే తప్ప, పలికినవానిపై వేఱొక కేసు పెట్టుటకు వీలులేదు. భయపడు సాక్షులకు మనము ముందుగా జెప్పవలసిన మాట యిది.

రాష్ట్రప్రభుత్వపు టధీనమందలి చెఱసాలలను, మనుష్యులను జికిత్సకో, సంస్కరణకో, రక్షణకో యుంచు గృహములను కమిషను సందర్శించి యందలివారి స్థితి చూడవచ్చును. మొదట, ముందుగా బ్రభుత్వమునకు దెలిపి పోవలెనను నియమముండెడిది. 2006లో దానిని దీసివేసిరి. చుట్టములు వచ్చుచున్నారని తెలిసిన యిల్లు ఎట్లుండునో మనకు దెలియనిదా? తెలియకుండ వచ్చినప్పుడే వంటయిల్లు చూడవలెను.

ఇంకొక క్రొత్త సదుపాయము. 2020 డిసెంబరు 2వ తేదీన సుప్రీముకోర్టు ప్రతి పోలీసుఠాణాలోను, ద్వారములకడను, లాకప్పులందును, వసారాలలోను సీసీ కెమెరాల నమర్పవలెననియు, వాని చిత్రములను పదునెనిమిది మాసములు, ఆ సదుపాయము దొరకనిచో గనీస మొక సంవత్సరము భద్రపఱుపవలెననియు నాజ్ఞాపించినది. ఠాణాలో దెబ్బలు తగిలినవన్న ఫిర్యాదు వచ్చినచో మానవహక్కుల కమిషను ఆ చిత్రములను దెప్పించుకొనవచ్చునని యా తీర్పులోనే చెప్పిరి. కావున నుత్తరము వ్రాయునపుడు ఫలానా తేదీ, ఫలానా వేళల చిత్రములను భద్రపఱుప నాజ్ఞాపింపుడని యొక వాక్యము చేర్చుట మఱువరాదు. ఆలస్యమైనచో జట్టమేకాదు, చిత్రమును జెఱిగిపోవును.

ఒక తల్లి వ్రాసిన జాబునకు ఎంత బలమున్నదో తెలియుటకు ఒడిషాలో జరిగిన సంగతి చెప్పెదను. అప్పటికీ చట్టము లేదు, కమిషను లేదు. సుందరగఢ్ జిల్లాలో నీలావతీ బెహరా యను నామె కుమారుడు, ఇరువదిరెండేండ్ల సుమన్ బెహరాను 1987 డిసెంబరు 1వ తేదీ యుదయమున నొక దొంగతనము విషయమై జెరాయికెలా పోలీసు ఔట్‌పోస్టునకు దీసికొనిపోయిరి. రాత్రి యెనిమిది గంటలకు దల్లి యన్నము పట్టుకొనిపోయినది. కొడుకు తినెను. ఆమె యింటికి వచ్చెను. మఱునాడు వాని శవము రైలుపట్టాలపై గనబడినది. తెల్లవాఱుజామున దప్పించుకొని పాఱిపోయి రైలు క్రింద బడెనని పోలీసులు చెప్పిరి. దేహముపై గాయములు రైలువలన గలిగినవి కావని వైద్యుని సాక్ష్యము. 1988 సెప్టెంబరున నామె సుప్రీముకోర్టునకు జాబు వ్రాసెను. ఆ జాబునే న్యాయస్థానము రిట్టుగా దీసికొని విచారించి, 1993 మార్చిలో దీర్పు చెప్పెను. ప్రభుత్వపు గాపుదలలో నున్న మనిషి చచ్చినచో సమాధానము చెప్పవలసినది ప్రభుత్వమే యనియు, తల్లికి లక్షయేబదివేల రూపాయలు పరిహార మీయవలెననియు.

ఆ తీర్పు వచ్చిన యేటనే మానవహక్కుల చట్టమును వచ్చినది. అంతవఱకు ఢిల్లీ పెద్దకోర్టుదాక బోవలసిన తల్లి మొఱకు, ఇప్పుడు రాష్ట్రములోనే యొక తలుపున్నది. ఆ రాత్రి యామె వండిన కూర యేమో తీర్పులో లేదు. నాకు మాత్రము దినమునకొకసారియైన నా గిన్నె జ్ఞప్తికి వచ్చుచునే యున్నది.

విచారణ ముగిసిన పిమ్మట కమిషను ఏమి చేయగలదు? బాధితునికి బరిహార మీయుమని, తప్పు చేసినవానిపై గేసు నడుపుమని ప్రభుత్వమునకు సిఫారసు చేయగలదు. వెంటనే కొంత సహాయము చేయుమని చెప్పగలదు. హైకోర్టుకో సుప్రీముకోర్టుకో పోయి యాజ్ఞలు గోరగలదు. తానై యెవరిని చెఱసాలకు బంపజాలదు, ఉద్యోగమునుండి తీయజాలదు. సిఫారసు చేరిన నెలలోపల, లేదా కమిషను ఇచ్చిన గడువులోపల, తామేమి చేసినదియు, ఏమి చేయదలచినదియు బ్రభుత్వము తెలుపవలెను. విచారణ నివేదిక ప్రతి యర్జీదారునకును రావలెను. ఏటేట నివేదిక శాసనసభ యెదుట బెట్టవలెను. సిఫారసు నంగీకరింపకపోయినచో గారణము వ్రాయవలెను. సిఫారసన్నది మాట మాత్రమేనా, కట్టుబాటా యని చాలకాలము వాదము జరిగినది. 2021 ఫిబ్రవరిలో మదరాసు హైకోర్టు పూర్ణపీఠము అది ప్రభుత్వమునకు దప్పక యమలు జరుపవలసినదే యని తీర్పు చెప్పినది. నా యెఱుకలో సిఫారసను పదమే కొంత బలహీనమైనది. చట్టము చేసినవారు ఆజ్ఞయని వ్రాసియుండిన నెంత బాగుండెడిది!

మఱియొక లోపమును దాచరాదు. ఇల్లున్నది గాని యింట మనుష్యులు లేని కాలములు గలవు. 2014లో రాష్ట్రము రెండైన పిదప హైదరాబాదు నందలి యుమ్మడి కమిషను కొంతకాలము పెద్దదిక్కు లేకయే యుండెను. తెలంగాణమునకు 2019 డిసెంబరులోను, ఆంధ్రప్రదేశమునకు 2021 మార్చిలోను వేఱువేఱుగా నియామకములు జరిగినవి. ఆంధ్రప్రదేశపు కమిషను ఆ సెప్టెంబరులో గర్నూలున గార్యాలయము దెఱచినది. తెలంగాణమున మొదటివారి గడువు తీఱిన పిమ్మట 2025 ఏప్రిలు వఱకు నూతనాధ్యక్షుడు రాలేదు. కమిషనులలో ఖాళీలను మూడు నెలలలో నింపవలెనని సుప్రీముకోర్టు 2015లోనే చెప్పియుండెను. పీఠము ఖాళీగా నున్నదని మనము కాగితము నాపరాదు. ఏడాది లెక్క మనకొఱ కాగదు. ఢిల్లీ జాతీయ కమిషనునకైనను వ్రాయవచ్చును. కాని రాష్ట్ర కమిషను ముందున్న విషయమును జాతీయ కమిషను విచారింపదు గావున, రెండింటికి నొకేసారి వ్రాసి చిక్కు తెచ్చుకొనరాదు. సైన్యమునకు సంబంధించిన ఫిర్యాదులు ఢిల్లీకే.

ఇక నుత్తరము. "మహాప్రభో, దీనురాలను" అని మొదలుపెట్టి రెండు పుటలు విలపించుట మన యలవాటు. నా మొదటి యర్జీలో గూడ నట్టి సమాసములు కొన్ని పడినవి. ఇప్పుడు తలచిన సిగ్గగుచున్నది. వ్రాయవలసినవి ఇవి: ఎవరికి జరిగినది, వయస్సెంత, ఊరేది, ఏ తేదీన, ఏ వేళ, ఎక్కడ, ఏ ఠాణా, ఏ ఆసుపత్రి, ఉద్యోగి పేరు తెలియకపోయినచో హోదాయో, గుర్తో, చూచినవారెవరు, వైద్యునికడ జూపించిన చీటీ యున్నచో దాని నకలు, న్యాయస్థానమున గేసున్నదో లేదో, వేఱొక కమిషనునకు వ్రాసితిమో లేదో, మనము కోరునదేమి. క్రింద బేరు, పూర్తి చిరునామా, సంతకము. పేరు లేని యాకాశరామన్న జాబులను బట్టించుకొనరు. అసలు కాగితములు మనకడనే యుంచుకొని నకళ్లు పంపవలెను. దెబ్బ తగిలిన నాడే ప్రభుత్వాసుపత్రికి బోవుట అన్నిటికంటె ముఖ్యము. నేనిచ్చిన సున్నము, పసుపు నొప్పి తగ్గించినవేమో గాని, వానికి దేదీ లేదు.

స్త్రీలు తమకొఱకై జ్ఞాపకముంచుకొనవలసినవి రెండున్నవి. 2024 జూలై 1వ తేదీనుండి యమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారము ప్రొద్దుగ్రుంకిన పిమ్మట, తెల్లవాఱకముందు స్త్రీని అరెస్టు చేయరాదు. అసాధారణమైన పరిస్థితి యున్నచో స్త్రీ యుద్యోగియే ముందుగా న్యాయాధికారి యనుమతి పొంది చేయవలెను. సాక్ష్యము చెప్పుటకని స్త్రీని ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు. ఆమె యున్న యింటికే వచ్చి యడుగవలెను. దీనిని మీఱినచో నదియును గమిషనునకు వ్రాయదగినదే.

మొన్నటి కార్తికమాసమున బాలు పోయు ఆమె తనతో మఱియొక స్త్రీని వెంటబెట్టుకొని వచ్చినది. ప్రక్కయూరి యామె. తమ్ముని విషయమట. ఇద్దఱును గుమ్మముకడ నిలిచియుండిరి. లోపలికి బిలిచి చాపవేసి కూర్చుండబెట్టితిని. ఆమె యేడ్చుచు మొదటినుండి చెప్పబోవగా, పాలామెయే చేయి పట్టి యాపి, "అదంతా తరవాత. ముందు ఏ రోజో చెప్పు. అమ్మగారు రాసుకుంటారు" అనెను.

"అట్లతద్ది మరసటి రోజమ్మా" అని ఆమె చెప్పినది.

గోడకు వ్రేలాడుచున్న పంచాంగమును దీసి, వెనుకటి పుట త్రిప్పితిని.